పంతొమ్మిదో ఆకు – ఏడవ భాగం

పోయిన వారం అక్సాను ఒక ప్రశ్న ముందు నిలబెట్టి వచ్చాం. ఆ ప్రశ్న అడిగింది నాగక్క. చర్ల అవతలి అడవి పల్లె నుంచి తెల్లవారకముందే బయల్దేరి, రెండు బస్సులూ ఒక షేర్ ఆటో మారి, ఖమ్మం పక్క ఖానాపురం హవేలిలో సంసోను వడ్రంగి షెడ్డు ఎక్కడని నలుగురిని అడుగుతూ వచ్చిన అరవై అయిదేళ్ల మనిషి. మంచినీళ్లు కూడా ముట్టకుండా నేరుగా కుర్చీ దగ్గరికి నడిచింది. దాని వీపు మీది ఆకులను ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టింది. చివరి ఆకు దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఈ ఆకు ఎవరు చెక్కిండ్రు?" అని అడిగింది.

కుర్చీ సంగతి మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. అది ఫ్రాన్సు దేశపు రాజుగారి కుర్చీకి నకలు. అసలుది అక్కడ ఏ మ్యూజియంలోనో చుట్టూ తాడు కట్టి ఉంటుంది. ఈ నకలుకు తొంభై ఏళ్లు. భద్రాచలం అవతల అడవిలో కలప వ్యాపారం చేసిన దొర ఒకాయన విదేశీ పుస్తకంలో బొమ్మ చూసి చేయించుకున్నాడు. మేక కాళ్లలా వంగిన కాళ్లు, చివర చుట్ట తిరిగిన చేతులు, గవ్వలు, వీపు చుట్టూ ఆకుల దండ, అన్నిటి మీదా బంగారు రేకు. ఖమ్మంలో ఫంక్షన్ హాలు నడిపే వెంకటేశ్వరరావు పాడుబడ్డ బంగళా నుంచి దాన్ని తెచ్చి, పెళ్లి స్టేజీ మీద వేయడానికి బాగుచేయమని సంసోనుకు ఇచ్చాడు. ఆకులు ఎడమ పక్క తొమ్మిది, కుడి పక్క తొమ్మిది. పైన నడినెత్తిన ఉండాల్సిన ఆకు లేదు. ఆ ఖాళీని సంసోను కూతురు అక్సా నింపింది. ఆ సాయంత్రమే సంసోను దగ్గుతూ మంచమెక్కాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. తొమ్మిది రోజులుగా దవాఖానాలో తీస్తూనే ఉన్నారు, తీసినంతా తెల్లారేసరికి మళ్లీ నిండుతూనే ఉంది. ఎందుకో ఏ పరీక్షా చెప్పడం లేదు.

సరే, షెడ్డులోకి వెళ్దాం. మధ్యాహ్నం రెండు దాటింది. శ్రావణ మాసపు వాన రేకుల కప్పు మీద ఒకటే మోత.

"నేనే చెక్కిన" అంది అక్సా.

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు. దవాఖానాకూ షెడ్డుకూ తిరిగి తిరిగి కళ్లు గుంటలు పడ్డ పిల్లే. అయినా తన చేతి పనిని ఎవరైనా అంత పరీక్షగా తడిమి చూస్తే పనివాళ్ల మనసు ఎక్కడో ఉబ్బుతుంది. ఇరవై ఆరేళ్లకే, తొంభై ఏళ్ల నాటి ఆకుల మధ్య తన ఆకును కొత్తదని తెలియకుండా కలిపేసింది మరి. రావుగారైతే ఫోనులో ఫొటోలు పెద్దవి చేసి చూసి కూడా ఏది కొత్తదో చెప్పలేకపోయాడు.

నాగక్క ముఖంలో మెచ్చుకోలు లేదు.

"ఎందుకు చెక్కినవ్ బిడ్డా?"

"ఎందుకేంది పెద్దమ్మా? విరిగిపోయి ఉండె. విరిగింది బాగుచేసుడే మా పని."

"ఇరిగిందని నీకెవరు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పాల్నా? ఆడ ఉలి గాట్లున్నయి. ముందు ఆకు ఉండె, దాన్ని ఎవరో ఆగమాగం కొట్టేసిండ్రు. చూస్తేనే తెలుస్తది."

ఇందులో అక్సాను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. పాత సామాను బాగుచేసేవాళ్లు గాట్లను చదివి పనిచేస్తారు. గాటు ఉందంటే అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదన్నమాట. ఉండేదాన్ని మళ్లీ పెట్టడమే వాళ్ల ధర్మం. అలా చదవడం ఆమెకు నేర్పింది సంసోనే.

"అవ్" అంది నాగక్క నెమ్మదిగా. "ఉండె. కొట్టేసింది మా తాత."

అక్సా స్టూలు జరిపితే ఆమె కూర్చోలేదు. కుర్చీకి ఎదురుగా, రంపపు పొట్టు మీదనే కూలబడి, మోకాళ్లు పట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టేముందు కుర్చీ వైపు ఒకసారి చూసింది, అక్కడ కూర్చున్నవాళ్ల అనుమతి తీసుకుంటున్నట్టు. కుర్చీ ఖాళీగానే ఉంది.

"మా తాత పేరు జోగయ్య. దొర దగ్గర తెప్ప నడిపేటోడు. టేకు దుంగలు తెప్ప కట్టి గోదాట్లకు ఇడిసి, దాని మీదనే నిలబడి రాజమండ్రి దాక పోయేటోళ్లు. ఆ ఏడు గిట్లనే వానలు. నీళ్లు ఎర్రగ సుడి తిరుగుతున్నయి. ఇయ్యాల వద్దు దొరా అన్నరు మావోళ్లు. దొర ఇనలే. పంతొమ్మిది మందిని ఎక్కించిండు. ఒడ్డుకొచ్చింది మా తాత ఒక్కడే. ఆయనకు గూడ ఎడమ చేతి బొటనేలు దుంగల నడుమ నలిగి పోయింది."

"మిగతావాళ్లు?"

"దుంగలు దొరికినయి. మనుషులు దొరకలే."

దొరకు దుంగలు దొరికాయి కనుక దిగులు లేదు. జోగయ్యకు కట్టె చెక్కడంలో మంచి చెయ్యి ఉందని విని, బొటనవేలి గాయం మానగానే పిలిపించి, పుస్తకంలో బొమ్మ చూపించాడు. ఆ దుంగలతోనే చెయ్యమన్నాడు. జోగయ్య కాదనలేదు.

"ఎందుకు చేసినవ్ తాతా, వాని మొకాన ఊంచి రావద్దా అని చిన్నప్పుడు నేనే అడిగిన" అంది నాగక్క. "కూసోనీ అన్నడు. వీళ్లందరి మీద వీపు ఆనిచ్చి కూసోనీ అన్నడు."

అక్సా కుర్చీ వీపు వైపు చూసింది. పని మొదలుపెట్టిన రోజునే ఆమెకు ఒక సంగతి వింతగా తోచింది. అసలు కుర్చీ బొమ్మలో ఆకులన్నీ ఒకే అచ్చు. ఇక్కడ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఒకటి వంకర, ఒకటి వెడల్పు, ఒకటి అంచు చిరిగినట్టు. అడవి మేస్త్రికి కొలత కుదరలేదేమోనని అప్పుడు లోలోపల నవ్వుకుంది కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

నాగక్క లేచి ఆకుల మీద వేలు పెట్టింది. "ఈ ఒంకరది కుంటి ఎర్రయ్య. ఈ వెడల్పుది మాసయ్య, పెద్ద చేతులోడు. ఇది చంద్రయ్య. ఏటా తొలకరికి ముందు మా ఇంటోళ్లం ఒకలం బంగళకు పోయి లెక్కపెట్టి వస్తం. పద్దెనిమిది ఉన్నయా, పైన ఖాళీ ఖాళీగనే ఉన్నదా, గంతే. మా అమ్మ పోయేది, తర్వాత నేను పోతున్న. ఈ ఏడు మోకాళ్లు లేవక ఆలస్యమైంది. పోతే కుర్చీ లేదు. వాచ్‌మన్ ఈ ఊరి పేరు, మీ నాయిన పేరు చెప్పిండు."

"పైన ఖాళీ ఎందుకు?"

"అది మా తాత జాగ. ఆయన బతికె గద. బతికినోని ఆకు చెక్కొద్దని ఆయనే ఖాళీ ఇడిసిపెట్టిండు."

దొర ఊరుకుంటాడా? రాజు కుర్చీకి నెత్తిన బోసిగా ఉంటే ఎట్లా అన్నాడు. జోగయ్య చెక్కనంటే చెక్కనన్నాడు. దొర పట్నం నుంచి వేరే మేస్త్రిని పిలిపించి ఆ ఆకు చెక్కించాడు. నిండు ఎండాకాలం. బంగళా బావిలో బొక్కెన వేస్తే రాయి తగులుతోంది. ఆ సాయంత్రమే మేస్త్రికి దగ్గు పట్టుకుంది.

"దగ్గితే నీళ్లు" అంది నాగక్క. "నోట్లకెంచి ముక్కులకెంచి ఎర్రటి నీళ్లు. పది దినాలు దగ్గిండు. పదో నాడు పొద్దుగాల మంచం మీదనే మునిగి సచ్చిండు."

వాన కాస్త తగ్గినట్టు తగ్గి మళ్లీ ఎత్తుకుంది. అక్సా తన చేతులను చున్నీలో చుట్టుకుంది. ఆమె కళ్ల ముందు దవాఖానా మంచం పక్కన వేలాడదీసిన సీసా ఉంది. నాన్న పక్కటెముకల మధ్య నుంచి వచ్చే గొట్టం అందులోకే పోతుంది. సీసాలో నీళ్లు ఎర్రమట్టి రంగు. ఇన్ఫెక్షన్ అయితే రంగు మారుతుందని నర్సు చెప్పింది. నిన్న పొద్దున సీసా అడుగున సన్నటి ఇసుక పేరుకుని కనిపిస్తే, తనే కళ్లు నులుముకుని, నిద్రలేక అట్లా కనబడుతోందని సరిపెట్టుకుంది.

నాగక్క ఆమెనే చూస్తోంది. "నువ్వెన్నడు చెక్కినవ్?"

"ఇయ్యాల్టికి తొమ్మిది రోజులు."

"మరి నీకు దగ్గు లేదేంది?"

అక్సా చున్నీలోంచి చేతులు బయటికి తీసి చూసుకుంది.

"నాకు కాదు పెద్దమ్మా. మా నాన్నకు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగక్కకు సంసోను సంగతి తెలియదు. వచ్చినప్పటి నుంచి ఆమె కుర్చీని తప్ప దేన్నీ అడగలేదు. ఇప్పుడు అక్సా చెబుతుంటే, ఊపిరితిత్తుల్లో నీళ్లు అనగానే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ నాయిన ఉలి పట్టిండా?"

"లేదు. నేనొక్కదాన్నే చెక్కిన. ఆయన చర్చిల మీటింగుకు పోయిండు. వచ్చేసరికి అయిపోయింది."

"గట్ల కాదే. చెక్కినోన్నే పట్టాలె."

"మేం గివన్నీ నమ్మం పెద్దమ్మా" అంది అక్సా. "ప్రార్థన చేస్తున్నం. సంఘం అంతా చేస్తున్నది."

"నేను నమ్మమన్ననా? నేను లెక్కపెట్టి పోదామని వచ్చిన." నాగక్కకు కోపం రాలేదు. ఆలోచిస్తోంది. "ఆ మేస్త్రి ఆకెనక తన గుర్తు గీసుకున్నడు. పనోళ్లు గీసుకుంటరు గద. నువ్వు గీసినవా?"

వడ్రంగుల్లో ఆ అలవాటు ఉంది. ఎంత పెద్ద పని చేసినా, ఎవరి కంటా పడని చోట తమ గుర్తు ఒకటి వేసుకుంటారు. సంసోనుది చేప. చిటికెన గోరంత చేప. ఖమ్మంలో ఎన్ని ఇళ్ల బీరువాల వెనకాల, ఎన్ని మంచాల పట్టీల అడుగున ఆ చేప ఉందో ఆయనకే లెక్క తెలియదు.

అక్సాకు ఇంకా సొంత గుర్తు లేదు. ఎప్పుడిస్తవ్ నానా అని పదేళ్లుగా అడుగుతోంది. "నా చెయ్యి లేకుంట నిలబడే పని ఒక్కటి చెయ్యి, ఆ దినం ఇస్త" అనేవాడు. నిజానికి ఆ ఆకు ఆమె చెక్కింది అందుకే. రావుగారి పెళ్లి స్టేజీ కోసం కాదు, ఫ్రాన్సు రాజు కోసం అసలే కాదు. నాన్న మీటింగు నుంచి వచ్చి చూసి, ఇయ్యాల గుర్తిస్తున్న బిడ్డా అంటాడని.

"నాకు గుర్తే లేదు పెద్దమ్మా" అంటూనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం మొత్తం ఇప్పుడు కళ్ల ముందుకొచ్చింది. నాన్న వచ్చాడు. చంకలో బైబిలు ఉంది. కుర్చీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మెచ్చుకుంటాడని ఆమె పళ్లు బిగించి ఎదురుచూసింది. ఆయన మెచ్చుకోలేదు. "గుర్తు గీసినవా?" అని ఒక్కటే అడిగాడు. "నాకు గుర్తేడిది నానా?" అంది నిష్ఠూరంగా. "మంచిది" అన్నాడు. ఆ మంచిది అన్న తీరు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత బ్రెడ్డు ప్యాకెట్ తెమ్మని దుకాణానికి పంపాడు. ఇంట్లో ఉన్న బ్రెడ్డు ఎవరూ తినకుండా అలాగే ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన ఆమె ఉలిని గుడ్డతో తుడుస్తున్నాడు.

అక్సా ఫోను టార్చి వేసి కుర్చీ వెనక్కి పరిగెత్తింది. వీపు మీద కట్టిన మఖ్మల్ అంచు పక్కకు లాగింది. పంతొమ్మిదో ఆకు వెనక, గోడ వైపు తిరిగి ఉండే చోట, ఎవరి కంటా పడని చోట చిటికెన గోరంత చేప ఉంది. గాట్లు కొత్తవి. ఇంకా తెల్లగా ఉన్నాయి.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. చిన్నపిల్లలా, ముక్కు తుడుచుకుంటూ, మధ్యలో తిట్టుకుంటూ ఏడ్చింది. ఆయనకు తెలుసు. ఈ చేతిపనిలో యాభై ఏళ్లున్న మనిషి, అడవి కుర్చీ కథ ఏ ముసలి మేస్త్రి నోటనో విని ఉంటాడు. కుర్చీ దింపిన రోజునే "పై ఖాళీ జోలికి పోకు" అన్నాడు. ఎందుకు నానా అంటే "పోకంటే పోకు" అన్నాడు. సంఘ పెద్ద గదా, ఆదివారం ఆదివారం అందరి ముందు నిలబడి వాక్యం చదివే మనిషి, చెక్క ఆకుకు భయపడుతున్నానని కూతురితో ఎట్లా చెబుతాడు? చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చావడానికి మాత్రం సిగ్గుపడలేదు. నాకైతే ఆ సంసోను మీద కోపమూ వస్తుంది, దండం పెట్టాలనీ అనిపిస్తుంది.

"నాకు చెప్పి ఉంటే ముట్టకపోతుంటి గద!" అంది అక్సా. "ఒక్క మాట చెప్పి ఉంటే!"

నాగక్క ఆమె పక్కన కూర్చుని తల నిమిరింది. "నీది నీ నాయిన మీదేసుకున్నడు బిడ్డా."

ఫోను మోగింది. దవాఖానా నుంచి తల్లి జోజమ్మ. ఆమె గొంతులో ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు. "డాక్టరమ్మ వచ్చి చూసిపోయింది. రేపు పొద్దుగాల దాక చూద్దాం అన్నది. ఇంకేం చెప్పలే. నువ్వు జల్దీ రా బిడ్డా."

రేపు పొద్దున అంటే పదో రోజు. అక్సా కన్నీళ్లు ఆగిపోయాయి. లేచి బల్ల మీది ఉలి అందుకుంది. ఆకు మొదట్లో మొన ఆనించి సుత్తె ఎత్తింది.

"ఆగు!" నాగక్క అరిచిన అరుపుకు సుత్తె గాలిలోనే నిలిచింది. "మా తాత గదే చేసిండు! పదో నాడు బంగళకు ఉరికి, ఆకు కొట్టేస్తే మేస్త్రి బతుకుతడనుకున్నడు. ఆకు కిందపడ్డదీ, ఆడ మనిషి ఊపిరి పోయిందీ ఒక్క గడియల్నే. ఆకు కోసం వంగి తిరగేసి చూస్తే ఎనక గుర్తు. గుర్తున్న ఆకును కొడితే ఆ మనిషిని కొట్టినట్టే."

"మరేం చెయ్యాలె? చేతులు కట్టుకొని కూసోవాల్నా?"

"ముందు గుర్తు తీసేసి ఉంటే ఏమయ్యేదో అని మా తాత సచ్చేదాక అనుకున్నడు. నాకదే తెలుసు. అట్ల చేసినోళ్లు లేరు. చేస్తే ఏమైతదో చెప్పేటోళ్లు గూడ లేరు."

అక్సా ఆకు వైపు చూసింది, ఉలి వైపు చూసింది. చెక్కింది తను. చేప చెరిపితే ఆకు ఎవరిదవుతుందో ఆమెకు అర్థం కాకపోలేదు. నాగక్కకూ అర్థమైంది. వద్దని ఆమె అనలేదు, చెయ్యమనీ అనలేదు. కానీ లేచి వచ్చి, కుర్చీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

అక్సా మోకాళ్ల మీద కూర్చుని ఉలిని పడుకోబెట్టి, చేప తోక దగ్గర మొదలుపెట్టింది. ఆ కుర్చీ అడుగు పట్టీ నుంచే కోసి తీసిన తొంభై ఏళ్ల టేకు, ఎండి ఎండి గాజులా గలగలలాడే చెక్క. తొమ్మిది రోజుల కిందట ఆకు చెక్కేటప్పుడు పొట్టు పొడిపొడిగా రాలింది. ఇప్పుడు వచ్చిన పలచటి పొట్టు వేలికి అంటుకుపోయింది. తడిగా ఉంది. పైన కప్పు చూసింది. ఎక్కడా కారడం లేదు. రెండో పొట్టు లేచినప్పుడు గాటులోంచి నీటి చుక్క ఒకటి ఊరి, చెక్క వెంబడి కిందికి జారింది. ఎర్రగా ఉంది. షెడ్డంతా లక్క పాలిష్ వాసన పోయి, వరదొచ్చిన ఏటి వాసన నిండింది.

"ఆపకు" అంది నాగక్క. ఆమె పెదవులు తన ఇంటి భాషలో ఏవో పేర్లు గొణుగుతున్నాయి. అక్సాకు ఆ భాష రాదు. ఎర్రయ్య, మాసయ్య అన్న పేర్లు మాత్రం వినపడ్డాయి.

తోక పోయింది. పొట్ట పోయింది. చేప కన్ను ఒక్కటి మిగిలింది, సూదిమొన గుచ్చినంత చుక్క. అక్సా కళ్లు మూసుకుని, యేసయ్యా అని ఒక్కసారి అనుకుని, ఉలిని ముందుకు నెట్టింది. చెక్క లోపల ఎక్కడో ఊపిరి వదిలినట్టు చప్పుడైంది. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆకు వెనక నున్నగా, ఏ గుర్తూ లేకుండా ఉంది.

"అయిపోయింది" అంది అక్సా. "ఇప్పుడు కొట్టొచ్చు గదా? ఇప్పుడు ఎవరి గుర్తూ లేదు గదా?"

"కొట్టు. జల్దీ కొట్టు."

ఆమె సుత్తె అందుకునేలోపు ఫోను మోగింది. మళ్లీ జోజమ్మ. అక్సా స్పీకర్ నొక్కి ఫోను పొట్టులో పెట్టింది, చెవి దగ్గర పెట్టుకునే ధైర్యం లేక.

"అక్సా! బిడ్డా! దేవుడు చేసిండే!" జోజమ్మ అరుస్తోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది. "మీ నాయిన లేచి కూసున్నడు! గొట్టంల నీళ్లు ఆగిపోయినయి. డాక్టరమ్మ ఉరికొచ్చి చూసింది, ఛాతీల ఏం లేదంటున్నది! ఆకలైతుందన్నడే. తొమ్మిది దినాల తర్వాత ఆకలన్నడు!"

అక్సా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ క్షణాన ఆమెకు కలిగిన సంతోషాన్ని నేను రాయలేను. నాగక్క కూడా బోసి నోటితో నవ్వేసింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి.

"అమ్మా, నాన్నకు ఇయ్యి ఫోను."

"ఆగవే, ముందు నేను చెప్పనీ. లేవంగనే మొదటి మాట ఏమన్నడో ఎరుకనా? అక్సా ఆకు మస్తు చెక్కిందే, నేను గూడ గంత మంచిగ చెక్కకపోదును, పిల్లకు గుర్తియ్యాలె అన్నడు. గుర్తు ఇస్తున్ననని నీకు చెప్పమన్నడు."

అక్సా నవ్వు సగంలో ఆగింది.

"పక్క బెడ్డు ముసలాయన నేర్పిండట గుర్తు. దుప్పటి మీద వేలితోటి గీసి చూపెట్టిండట, గిదైతే మీ పిల్లకు మంచిగుంటది అని. ఎడమ చేతికి బొటనేలు లేదట పాపం, అయినా ఎంత సక్కగ గీసిండో అంటున్నడు. నాకేం సమజ్ కాలే. మంచమెందుకెక్కిండో గూడ యాదికి లేదంటున్నడు. పక్క బెడ్డు పొద్దటినుంచి ఖాళీగనే ఉన్నది గదా. ఏమో తీయ్, మందుల మత్తు."

నాగక్క నవ్వు పోయింది. ఆమె కుర్చీని పట్టుకున్న చేతులు వదిలేసి ఒకడుగు వెనక్కి వేసింది.

"ఏం గుర్తమ్మా?" అంది అక్సా.

"నెలవంక అట. నెలవంక కింద చుక్క."

బయట గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది. నాలుగింటికి కుర్చీ తీసుకుపోవడానికి మనుషులను పంపుతానని వెంకటేశ్వరరావు పొద్దుననే చెప్పాడు. గంట ముందే పంపినట్టున్నాడు.

అక్సా పొట్టులోంచి ఫోను ఎత్తి టార్చి వేసింది. ఇప్పుడే చెరిపి నున్నగా చేసిన చోట, ఆకు వెనక, ఎవరి ఉలీ తగలకుండానే చెక్క లోపలి నుంచి సన్నగా ఒక వంపు పైకి తేలుతోంది. వంపు పూర్తయి నెలవంక అయింది. దాని కింద ఎర్రటి నీటి చుక్క ఒకటి ఊరి, చెక్కలోకి ఇంకి మచ్చగా నిలిచింది.

ఆమె చేతిలోంచి ఫోను మళ్లీ పొట్టులోకి జారింది. ఏదో అనబోయింది, మాటకు బదులు దగ్గు వచ్చింది. చిన్న దగ్గు. నోట్లో గోదారి మట్టి రుచి తగిలింది.

పొట్టులోంచి జోజమ్మ గొంతు సంబరంగా వినిపిస్తోంది. "ఇంటున్నవా బిడ్డా? మీ నాయిన అడుగుతున్నడు. గుర్తు నచ్చిందా?"